గుర్రం ఎగరావచ్చు... ముందు నిదానంగా నడిస్తే!



"ఏమో, గుర్రం ఎగరావచ్చు" అనే మాట మీరు ఇంట్లో పెద్దల నోట వినే ఉంటారు. మరణశిక్ష పడిన ఒక ఖైదీ, "ఏడాది గడువిస్తే మీ గుర్రానికి ఎగరడం నేర్పుతాను" అని రాజుకు మాట ఇచ్చాడట. "నీకేమైనా మతి పోయిందా? గుర్రం ఎక్కడైనా ఎగురుతుందా?" అని తోటి ఖైదీ అడిగితే, "ఏడాదిలో ఏమైనా జరగవచ్చు. రాజు పోవచ్చు, నేను పోవచ్చు. ఏమో, గుర్రం ఎగరావచ్చు!" అన్నాడట.

గుర్రానికి రెక్కలు రావు గాని, నాలుగు కాళ్ళూ నేలను వదిలి గాలిలోకి లేవడం మాత్రం నిజమే. ఎత్తయిన అడ్డుకర్రలను గుర్రాలు అవలీలగా దూకడం మీరు టెలివిజన్‌లో చూసి ఉంటారు. మరి ఆ విద్యను వాటికి ఎలా నేర్పుతారు? గట్టిగా అదిలించి పరుగెత్తించడం వల్ల వస్తుందా? రాదు. దూకడం నేర్పడంలో ఎక్కువ భాగం, అడ్డుకర్ర వైపు బెదరకుండా, తొందరపడకుండా నిదానంగా వెళ్ళడం నేర్పడమే! ఎందుకో తెలుసుకుందాం.

కల్వర్టు దగ్గర గుర్రం

నా చిన్నతనంలో మా ఊళ్ళో రైలు స్టేషను నుంచి బజారుకు జట్కా బళ్ళు తిరిగేవి. దారిలో కాలువ మీద ఒక కల్వర్టు ఉండేది. ఒక జట్కా గుర్రం ఆ కల్వర్టు దగ్గరకు రాగానే చెవులు నిక్కబొడుచుకుని ఆగిపోయేది. బండి తోలే కుర్రవాడు చెర్నాకోలతో రెండు తగిలించేవాడు. గుర్రం ఒక్క ఉదుటున ముందుకు దూకేది. బండి ఎగిరెగిరి పడుతూ కల్వర్టు దాటేది. కొద్ది రోజులకు, కల్వర్టు ఇంకా నూరు గజాల దూరంలో ఉండగానే గుర్రం పరుగు లంకించుకోవడం మొదలుపెట్టింది. "చూశారా, దెబ్బకు దారికొచ్చింది. ఎంత ధైర్యంగా పోతోందో!" అని కుర్రవాడు గొప్పగా చెప్పుకునేవాడు.

ఒకనాడు కల్వర్టు మీద బండి తిరగబడింది. అదృష్టం బాగుండి ఎవరికీ పెద్ద దెబ్బలు తగలలేదు.

మరునాటి నుంచి కుర్రవాడి తాత బండి తీసుకున్నాడు. కల్వర్టు కనిపించగానే ఆయన బండి దిగి, గుర్రం పక్కన నిలబడేవాడు. గుర్రం ఎక్కడ చెవులు నిక్కబొడిస్తే అక్కడే ఆగేవాడు. అది తల కిందికి దించి ఊపిరి వదిలేదాకా ఆగి, మెడ నిమిరి, మరో నాలుగడుగులు నడిపించేవాడు. రోజూ ఇదే తంతు. పట్టుమని పది రోజులు తిరగకుండానే ఆ గుర్రం పగ్గాలు వదులుగా ఉండగానే కల్వర్టు మీదుగా నడిచిపోయింది. మనవడు ఆశ్చర్యపోతే తాత ఒకటే మాట అన్నాడు: "ఒరే అబ్బాయ్, అది కల్వర్టును చూసి కాదురా, నీ చెర్నాకోలను చూసి పరుగెడుతోంది."

అప్పుడు నాకది మంత్రంలా తోచింది. సైన్సు చదివిన తరువాతగాని అందులోని శాస్త్రం బోధపడలేదు.

పారిపోవడమే రక్షణ

ఆవుకు కొమ్ములున్నాయి. పులికి గోళ్ళూ కోరలూ ఉన్నాయి. మరి గుర్రానికో? కాళ్ళున్నాయి! గుర్రం గడ్డి తిని బతికే జంతువు. లక్షల సంవత్సరాలుగా అది క్రూరమృగాలకు ఆహారమవుతూ వచ్చింది. పొదలో ఏదో కదిలితే "అది గాలా, పులా" అని ఆలోచిస్తూ నిలబడిన గుర్రం బతికి బట్టకట్టలేదు. ముందు పరుగెత్తి, తరువాత వెనక్కి తిరిగి చూసిన గుర్రమే మిగిలింది. ఆ సంతతే నేటి గుర్రాలు. కాబట్టి కొత్త వస్తువును చూసి బెదరడం గుర్రానికి దుర్గుణం కాదు, సహజాత గుణం.

దాని కళ్ళు కూడా ఇందుకు తగినట్టే ఉంటాయి. నేల మీద తిరిగే క్షీరదాలలో బాగా పెద్ద కళ్ళున్న వాటిలో గుర్రం ఒకటి. పైగా ఆ కళ్ళు తలకు అటూ ఇటూ ఉంటాయి. అందువల్ల గుర్రం నిలబడిన చోటు నుంచే తన చుట్టూ సుమారు 350 డిగ్రీల మేర చూడగలదు. జట్కా గుర్రానికి కళ్ళ పక్కన తోలు ముక్కలు కట్టేది ఇందుకే. పక్క నుంచి, వెనక నుంచి వచ్చే వాహనాలు కనబడి అది బెదరకుండా ఉండాలని.

అయితే ఈ సౌకర్యానికి మూల్యం చెల్లించక తప్పదు. దూరాన్ని సరిగా అంచనా వేయాలంటే రెండు కళ్ళూ ఒకే వస్తువును చూడాలి. గుర్రానికి అలా రెండు కళ్ళతోనూ కనిపించేది ముందువైపు కొద్ది మేర మాత్రమే. అంతేకాదు, నుదుటికి సరిగ్గా ఎదురుగా, ముక్కు కింద దానికి ఏమీ కనిపించని చోటు ఒకటుంది. దీని ఫలితమేమిటో ఊహించండి. అడ్డుకర్రకు మరీ దగ్గరగా వచ్చేసరికి గుర్రానికి అది సరిగా కనిపించదు! కొంత దూరం నుంచే చూసి, ఎత్తు అంచనా వేసి, ఆ జ్ఞాపకంతో దూకాలి. అలా చూడడానికి తల స్వేచ్ఛగా పైకీ కిందికీ కదపగలగాలి.

రంగుల విషయంలోనూ గుర్రం కన్ను మన కన్ను వంటిది కాదు. నీలం, పసుపు రంగులను అది బాగానే గుర్తిస్తుంది. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ రంగులను ఒకదాని నుంచి మరొకటి వేరు చేయలేదు. బ్రిటన్‌లోని పందెపు మైదానాలలో చాలాకాలం అడ్డు కంచెలకు నారింజ రంగు వేసేవారు. మన కంటికది కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. పచ్చగడ్డి మధ్య గుర్రం కంటికో? గడ్డిలో గడ్డి! ఎక్సెటర్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2018లో ఈ విషయాన్ని పరిశీలించి చెప్పిన తరువాత, అక్కడ నారింజ స్థానంలో తెలుపు రంగు వేయడం మొదలైంది. గుర్రానికి పాఠం చెప్పాలంటే ముందు గుర్రం కంటితో చూడాలన్న మాట.

తొందర ధైర్యం కాదు

అడ్డుకర్రను చూసి భయపడిన గుర్రం రెండింటిలో ఏదో ఒకటి చేస్తుంది. మొదటిది, మొరాయించి నిలబడిపోవడం, లేదా పక్కకు తప్పుకోవడం. దీన్ని భయమని అందరూ గుర్తుపడతారు. రెండవది, తల పైకెత్తి, వీపు బిగించి, అడ్డుకర్ర వైపు దూసుకుపోవడం. దీన్ని చాలామంది ఉత్సాహమనీ, ధైర్యమనీ పొరబడతారు. నిజానికిదీ భయమే. "ఈ గండం ఎప్పుడు గడుస్తుందా" అన్నట్టు అది పరుగెత్తుతుంది. మన కల్వర్టు గుర్రం మొదట మొదటి పని చేసింది, దెబ్బలు తిన్నాక రెండో పని చేసింది. లోపలి భయం మాత్రం తగ్గలేదు, పెరిగింది.

అలా దూసుకుపోతే వచ్చే ప్రమాదమేమిటి? మీరు చదువుకున్న భౌతికశాస్త్రంతోనే లెక్క కట్టవచ్చు.

దూకేటప్పుడు గుర్రం గరిమనాభి 0.45 మీటరు పైకి లేచిందనుకుందాం. గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు. h = ½gt² సూత్రం ప్రకారం అంత ఎత్తుకు లేవడానికి సుమారు 0.3 సెకను, దిగడానికి 0.3 సెకను పడుతుంది. అంటే గుర్రం గాలిలో ఉండేది దాదాపు 0.6 సెకను. గుర్రం సెకనుకు 6 మీటర్ల వేగంతో వస్తుంటే ఆ వ్యవధిలో 6 × 0.6 = 3.6 మీటర్లు ముందుకు పోతుంది. కనుక అడ్డుకర్రకు 1.8 మీటర్ల ముందు లేచి, 1.8 మీటర్ల అవతల దిగుతుంది. విసిరిన రాయి లాగే దాని మార్గం కూడా ఒక పరావలయం.

ఇప్పుడు అదే గుర్రం బెదిరి సెకనుకు 9 మీటర్ల వేగంతో వచ్చిందనుకోండి. 9 × 0.6 = 5.4 మీటర్లు. అంటే ఎప్పటి చోటు నుంచి కాక, 2.7 మీటర్ల దూరం నుంచే లేవాలి. చివరి 12 మీటర్లలో అడ్డుకర్రను చూసి అడుగు సరిచూసుకోవడానికి మొదటి గుర్రానికి 2 సెకన్లు దొరికితే, దీనికి 1.3 సెకన్లే దొరుకుతాయి. గతిజశక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గదా! కాబట్టి కాలు కర్రకు తగిలితే పడేటప్పటి శక్తి రెండుంబావు రెట్లు. గుర్రం బరువు సుమారు 500 కిలోలు. దాని మీద ఒక మనిషి. ఇక ఆలోచించండి. నిదానం అనేది అందం కోసం కాదు, ప్రాణం కోసం.

కాప్రిల్లీ కనుగొన్నది

గుర్రం అడ్డుకర్రకే భయపడుతుందా? ఈ ప్రశ్నకు చక్కటి సమాధానం చెప్పినవాడు ఇటలీ దేశపు సైన్యాధికారి ఫెడెరీకో కాప్రిల్లీ (1868-1907). ఆ రోజుల్లో గుర్రం దూకేటప్పుడు రౌతు వెనక్కి వాలి, పగ్గాలు బిగించి పట్టుకునేవాడు. గుర్రం ముందు కాళ్ళ మీద పడకుండా తాను ఆదుకుంటున్నాననుకునేవాడు. కాప్రిల్లీ, రౌతు లేకుండా స్వేచ్ఛగా దూకే గుర్రాలను శ్రద్ధగా పరిశీలించాడు. అవి మెడను ముందుకు చాచి, తలను దించి, వీపును విల్లులా వంచి దూకుతున్నాయి. తాడు మీద నడిచే గారడీవాడికి చేతిలోని కర్ర ఎలాంటిదో, గుర్రానికి మెడ అలాంటిది. రౌతు పగ్గాలు లాగితే ఆ మెడ బిగుసుకుపోతుంది. నోటిలోని కళ్ళెం ఇనుము దవడకు గుచ్చుకుంటుంది. రౌతు బరువంతా దెబ్బలా నడుము మీద పడుతుంది.

అడ్డుకర్ర వచ్చిన ప్రతిసారీ నోటికి నొప్పి, నడుముకు దెబ్బ! రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ కుక్కలపై చేసిన ప్రయోగాలను గుర్తు తెచ్చుకోండి. తిండితో పాటే గంట మోగుతూ ఉంటే, కొన్నాళ్ళకు గంట వినగానే కుక్క నోరు ఊరుతుంది. అలాగే అడ్డుకర్రతో పాటే నొప్పి కలుగుతూ ఉంటే, కొన్నాళ్ళకు అడ్డుకర్ర కనబడగానే గుర్రం గుండె దడదడలాడుతుంది. దీన్నే నిబంధిత ప్రతిచర్య అంటారు. గుర్రం భయపడుతున్నది కర్రకు కాదు, కర్రతో ముడిపడిన నొప్పికి.

కాప్రిల్లీ రౌతులకు చెప్పినది చాలా సులువైన మాట. రికాబులు కొంచెం పైకి కట్టుకోండి, గుర్రంతో పాటు ముందుకు వంగండి, చేతులను దాని నోటి వెంట పోనివ్వండి, గుర్రాన్ని దాని పని చేసుకోనివ్వండి. మొదట పెద్దలు ఒప్పుకోలేదు. తరువాత ఇటలీ సైన్యం ఒప్పుకుంది, క్రమంగా ప్రపంచమంతా ఒప్పుకుంది. నేడు దూకుడు పోటీలలో మీరు చూసే రౌతులందరూ కూర్చునేది ఆ పద్ధతిలోనే.

ఇంకో వింత చూడండి. సుమారు 2,350 సంవత్సరాల క్రితమే గ్రీకు రచయిత, సేనాని అయిన జెనొఫన్ గుర్రపు స్వారీ మీద ఒక పుస్తకం రాశాడు. బెదిరిన గుర్రాన్ని కొడితే భయం పెరుగుతుందే గాని తగ్గదనీ, ఆ నొప్పికి కారణం ఎదుటి వస్తువేనని గుర్రం అనుకుంటుందనీ అందులో చెప్పాడు. మా ఊరి జట్కా తాత జెనొఫన్ పేరైనా విని ఉండడు. కాని ఇద్దరూ ఒకే సత్యాన్ని చూశారు.

పాఠం నేల మీది కర్రతో మొదలు

ఇక దూసుకుపోయే గుర్రానికి నిదానం ఎలా నేర్పుతారో చూద్దాం.

అన్నిటికంటె ముందు వైద్య పరీక్ష. పళ్ళు నొప్పిగా ఉన్నాయా? జీను వీపును ఒరుసుకుంటోందా? గిట్టల్లో పుండు ఉందా? నొప్పి ఉన్న గుర్రానికి పాఠం తలకెక్కదు. కడుపునొప్పితో ఉన్న పిల్లవాడికి లెక్కలు ఎక్కుతాయా?

మొదటి మెట్టు: మైదానంలో ఒక కర్రను నేల మీద పడుకోబెడతారు. గుర్రాన్ని మామూలు నడకతో దాని మీదుగా దాటిస్తారు. ఆగి మెడ నిమురుతారు. మళ్ళీ దాటిస్తారు. కర్ర వైపు వెళ్ళడం, ఎండలో నీడ వైపు వెళ్ళినంత మామూలు విషయం కావాలి. మొదటి రోజు ఇంతకన్నా ఏమీ జరగకపోయినా నష్టం లేదు.

రెండవ మెట్టు: మూడు నాలుగు కర్రలను వరుసగా, సుమారు 1.3 మీటర్ల ఎడంతో పరుస్తారు. ఇప్పుడు గుర్రం చిన్న పరుగుతో, అంటే ట్రాట్ నడకతో వాటిని దాటాలి. ప్రతి రెండు కర్రల మధ్య ఒక్క అడుగు. తొందరపడితే కాలు కర్రకు తగులుతుంది. కాబట్టి గుర్రం తనంతట తానే తల దించి, కింద చూసుకుంటూ, తాళం తప్పకుండా నడుస్తుంది. రౌతు పగ్గం లాగనక్కర లేదు, కర్రలే పాఠం చెబుతాయి. కాస్త ఎత్తు లేపిన ఇలాంటి కర్రలను ఇటలీ భాషలో "కావల్లెత్తి" అంటారు. చిన్న గుర్రాలని అర్థం.

మూడవ మెట్టు: ఆ కర్రల చివర రెండు కర్రలను గుణకారం గుర్తులా ఏటవాలుగా నిలుపుతారు. మధ్యలో ఎత్తు 30, 40 సెంటీమీటర్లకు మించదు. మధ్య భాగం తక్కువ ఎత్తులో ఉండడంతో గుర్రం తనంతట తానే మధ్యకు వస్తుంది. దీనికి 9 అడుగుల ముందు నేల మీద ఒక కర్ర ఉంచుతారు. ఆ కర్ర దాటి అడుగు వేస్తే సరిగ్గా లేవవలసిన చోటికే వస్తుంది. దూరం అంచనా వేసే కష్టం తప్పింది గదా, కంగారు సగం తగ్గుతుంది.

నాలుగవ మెట్టు: అడ్డుకర్ర వైపు తిరగగానే గుర్రం వేగం పెంచితే ఏం చేయాలి? పగ్గాలు పట్టుకుని వేలాడకూడదు. అలా చేస్తే కాప్రిల్లీకి ముందటి కథే! ఇంకా దూరంగా ఉండగానే మెల్లగా పక్కకు మళ్ళించి, సుమారు 20 మీటర్ల వెడల్పు గల వలయంలో తిప్పుతారు. నడకలో తాళం కుదిరాక, ఎప్పుడు కుదిరితే అప్పుడే, అడ్డుకర్ర వైపు వెళ్ళనిస్తారు. అయితే మరీ దగ్గరకు వచ్చాక మళ్ళించకూడదు. అప్పుడు "చివరి క్షణంలో తప్పుకోవచ్చు" అనే పాఠం నేర్చుకుంటుంది.

అయిదవ మెట్టు: దూకి దిగాక తిన్నగా నడిపించి, మెల్లగా ఆపి, పగ్గాలు వదులు చేస్తారు. దూకడానికి ముందు ఎంత ప్రశాంతత ఉందో తరువాత కూడా అంతే ఉండాలి. బాగా దూకిన దూకుతో ఆనాటి పాఠం ముగిస్తారు. "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అని అలసిపోయేదాకా దూకించరు.

ఎత్తు పెంచడం అన్నిటికంటె చివర. ఒక మెట్టులో కంగారు కనిపిస్తే సిగ్గుపడకుండా కింది మెట్టుకు దిగుతారు.

అడుగుల లెక్క

రెండు అడ్డుకర్రలు వరుసగా ఉంటే వాటి మధ్య దూరం ఎంత ఉండాలి? కాంటర్ అనే నిదానమైన దౌడులో పెద్ద గుర్రం ఒక్కొక్క అంగ సుమారు 12 అడుగులు. మొదటి కర్ర దాటి 6 అడుగుల అవతల దిగుతుంది. రెండో కర్రకు 6 అడుగుల ముందు లేవాలి. మధ్యలో ఒక అంగ వేయాలంటే 6 + 12 + 6 = 24 అడుగులు. రెండు అంగలకు 36 అడుగులు. మరి మూడు అంగలకు? మీరే చెప్పండి. కొలతలో నాలుగు అడుగులు తేడా వస్తే నేరం శిక్షకుడిది, దెబ్బ మాత్రం గుర్రానిది. అందుకే మంచి శిక్షకుడి చేతిలో చెర్నాకోల కంటె కొలత టేపు ముందు ఉంటుంది.

వదలడమే బహుమతి

గుర్రానికి మన భాష రాదు. మరి "నువ్వు చేసింది సరి" అని ఎలా చెప్పాలి? పగ్గం కొద్దిగా బిగిస్తే అది ఒత్తిడి. గుర్రం నెమ్మదించిన క్షణంలోనే పగ్గం వదిలితే, ఆ విడుపే దానికి జవాబు. నెమ్మదించి రెండు మూడు సెకన్లయ్యాక వదిలితే అది దేనికి వదిలారో దానికి తెలియదు. గుర్రం నెమ్మదించినా పగ్గం లాగుతూనే ఉంటే, వినడం వల్ల లాభం లేదని నేర్చుకుంటుంది. కొన్నాళ్ళకు నోరు మొద్దుబారుతుంది. గుర్రాలు కళ్ళెం లెక్కచేయకుండా దూసుకుపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

మరో సంగతి. హాని చేయని వస్తువు పదే పదే ఎదురైతే ఏ జంతువైనా దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. దీన్ని అలవాటు పడడం అంటారు. కాని భయం హద్దు దాటేటంత దగ్గరగా, హఠాత్తుగా నెడితే అలవాటు పడదు సరిగదా, ఇంకా ఎక్కువ బెదురుతుంది. తాత గుర్రం చెవులు నిక్కబొడిచిన చోటే ఆగడంలోని కిటుకు ఇదే. భయం మొదలయ్యే గీత మీద ఆగి, అది చల్లారాక ఆ గీతను ముందుకు జరిపాడు.

రౌతు గుండె, గుర్రం గుండె

నూరేళ్ళకు పైబడిన మాట. బెర్లిన్ నగరంలో హాన్స్ అనే గుర్రం ఉండేది. "రెండూ మూడూ ఎంత?" అని అడిగితే గిట్టతో అయిదుసార్లు నేలను తట్టేది! 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు దీని గుట్టు విప్పాడు. ప్రశ్న అడిగేవాడికి జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలియదు. సరైన సంఖ్య రాగానే అడిగేవారి తల తమకు తెలియకుండానే వెంట్రుకవాసి కదిలేది. గుర్రం దాన్ని చూసి తట్టడం ఆపేసేది. హాన్స్‌కు లెక్కలు రావు గాని, మనుషులను చదవడం వచ్చు.

2009లో స్వీడన్ శాస్త్రజ్ఞులు మరో ప్రయోగం ప్రకటించారు. కొందరు గుర్రాలను ఎక్కి, కొందరు చేత్తో పట్టుకుని ఒకే దారిలో కొన్నిసార్లు తిరిగారు. చివరిసారి బయలుదేరే ముందు, "ఈసారి మీరు దాటుతుండగా ఒక గొడుగును ఫట్టున తెరుస్తాం" అని మనుషులకు చెప్పారు. నిజానికి గొడుగు తెరవలేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది. వింతేమిటంటే, గొడుగు సంగతి ఏమీ తెలియని గుర్రాల గుండె వేగం కూడా పెరిగింది! మనిషి కండరాలు బిగుసుకోవడం గుర్రానికి తెలిసిపోతుంది. అందుచేత "ఇదిగో, ఇప్పుడు దూసుకుపోతుంది" అని రౌతు బిగుసుకుంటే గుర్రం నిజంగానే దూసుకుపోతుంది. పాఠం ముందు నేర్వవలసినది రౌతే.

మూడోసారి గెలిచిన హువాసో

1949 ఫిబ్రవరి 5న దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో, వీన్యా దెల్ మార్ అనే పట్టణంలో, హువాసో అనే గుర్రం 2.47 మీటర్ల ఎత్తు దూకింది. మీ తరగతి గది తలుపు కంటె ఎత్తు! ఆ రికార్డును మించిన దూకు ఇంతవరకు లేదు. హువాసో మొదట పరుగు పందేలలో రాణించని గుర్రం. వయసు అప్పటికే పదిహేను దాటింది. రౌతు కెప్టెన్ అల్బెర్తో లర్రాగిబెల్. మొదటి ప్రయత్నంలో దూరం కుదరక హువాసో ఆగిపోయింది. రెండోసారి కర్ర పడిపోయింది. మూడోసారి దాటింది. ఆగిన గుర్రం చేతకాని గుర్రం కాదని ఇందువల్ల తెలుస్తోంది.

మన దేశంలోనూ ఈ విద్యకు మంచి చరిత్ర ఉంది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో 61వ అశ్వికదళానికి చెందిన రఘువీర్ సింగ్, షాజాదా అనే గుర్రం మీద ఈవెంటింగ్ పోటీలో స్వర్ణ పతకం గెలిచాడు. ఈ పోటీలో మూడు భాగాలుంటాయి. మొదటిది, చెప్పిన మాట వింటూ ప్రశాంతంగా నడవడం. దూకడాలు ఆ తరువాతే. చూశారా క్రమం! హైదరాబాదులోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో ఐ.పి.ఎస్. అధికారుల శిక్షణలో గుర్రపు స్వారీ కూడా ఒక భాగం.

నాకు ఆ గుర్రం నేర్పింది

చివరగా నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక విద్యార్థి ఉండేవాడు. నల్లబల్ల దగ్గరకు పిలిచి పాఠం చెప్పమంటే, ఊపిరి తిప్పుకోకుండా గడగడా అప్పజెప్పి పారిపోయేవాడు. బట్టీ పట్టాడని, నిర్లక్ష్యమని నేను బెత్తంతో బల్ల మీద కొట్టి కోప్పడేవాణ్ణి. వాడు మరింత వేగంగా చెప్పేవాడు. తరువాత అసలు నోరు విప్పడం మానేశాడు. ఆ పైన మూడు రోజులు బడికి రాలేదు. మూడో రోజు సాయంత్రం ఇంటికి వెళ్తుండగా నాకు ఆ పాత కల్వర్టు గుర్తుకొచ్చింది.

వాడు తిరిగి వచ్చాక బెత్తం బీరువాలో పెట్టేశాను. మొదట తన బెంచీలోనే నిలబడి ఒక్క వాక్యం చదవమన్నాను. కొన్నాళ్ళకు రెండు వాక్యాలు, తరువాత నల్లబల్ల దగ్గర ఒక బొమ్మ. అర్ధ సంవత్సర పరీక్షల నాటికి ఒక పాఠం మొత్తం నిదానంగా వివరించాడు. వాడికి నేను నేర్పింది కొద్దే. నాకు వాడు నేర్పింది ఎక్కువ.

మీలో ఎవరికైనా నల్లబల్లను చూసినా, లెక్కను చూసినా, నీళ్ళను చూసినా గుండె దడ వస్తే సిగ్గుపడకండి. దూసుకుపోకండి, పారిపోకండి. కర్రను నేల మీద పెట్టి మొదలుపెట్టండి. ఏమో, గుర్రం ఎగరావచ్చు!

చేసి చూడండి

1. నత్తకు అలవాటు: వానాకాలంలో దొరికే ఒక నత్తను తడిపిన చెక్క పలక మీద ఉంచండి. అది తల బయటపెట్టి పాకుతున్నప్పుడు పలకను వేలితో మెల్లగా తట్టండి. కొమ్ముల్లాంటి స్పర్శకాలను లోపలికి ముడుచుకుంటుంది. అవి మళ్ళీ బయటికి వచ్చాక అంతే మెల్లగా తట్టండి. ఎన్నోసారికి ముడుచుకోవడం తగ్గుతుందో రాసుకోండి. పని కాగానే నత్తను తెచ్చిన చోటే వదిలి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

2. ఒంటి కన్ను, రెండు కళ్ళు: రెండు చేతుల్లో రెండు పెన్సిళ్ళు అడ్డంగా పట్టుకుని, మొనలు ఎదురెదురుగా ఉంచండి. ఒక కన్ను మూసి, రెండు మొనలను తాకించే ప్రయత్నం చేయండి. తరువాత రెండు కళ్ళూ తెరిచి చేయండి. దూరం అంచనాకు రెండు కళ్ళూ ఎందుకు అవసరమో తెలుస్తుంది.

హెచ్చరిక: పెద్దలు, గుర్రం యజమాని తోడు లేకుండా గుర్రం దగ్గరకు పోకండి. ఎన్నడూ వెనక నుంచి పోవద్దు. ఎందుకో ఈ పాఠంలోనే ఉంది, వెతకండి.

ప్రశ్నలు

1. అడ్డుకర్ర వైపు దూసుకుపోయే గుర్రం ధైర్యమైనదని ఎందుకు చెప్పలేం?
2. కల్వర్టు గుర్రం విషయంలో నిబంధిత ప్రతిచర్య ఏది? అలవాటు పడడం ఏది?
3. గుర్రం సెకనుకు 7 మీటర్ల వేగంతో వచ్చి 0.6 సెకను గాలిలో ఉంటే, అడ్డుకర్రకు ఎంత దూరంలో లేవాలి?
4. పచ్చని మైదానంలో అడ్డుకర్రలకు మీరు ఏ రంగు వేస్తారు? ఎందుకు?